భాగోతులోళ్ల బిడ్డ

చంద్రపూర్ నుంచి రాజురా వెళ్లే బస్సులో నా పక్కన ఒక జర్మన్ అమ్మాయి కూర్చుంది. ఆమెది తరతరాలుగా ఒపెరాలు ఆడించే పేరున్న కుటుంబమట. ముందు సీటులో కూర్చున్న మా ఊరి లచ్చక్క వెనక్కి తిరిగి, "ఏం జేస్తరు వీళ్లింటోళ్లు?" అంది.

"వేషాలు కట్టి కథంతా పాడతారు" అన్నాను.

"భాగోతులోళ్లా! మా తాతలు గూడ గదే! ఓ పాట పాడుమను."

నేను అడిగితే అమ్మాయి తల దించుకుంది. "మా ఇంట్లో పాడటం రానిది నాకొక్కదానికే. అందుకే ఇంటిపేరు ఎక్కడా చెప్పను."

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే లచ్చక్క చప్పట్లు కొట్టింది. "మా ఇంట్ల గూడ నాకే రాదు! పా బిడ్డా, ఇద్దరం పాడుదాం!"

పాడారు. ఒకరు జర్మన్‌లో, ఒకరు తెలుగులో, ఎవరికీ శ్రుతి లేదు. నవ్వలేక నా పొట్ట నొప్పెట్టింది.

పాట ఆగింది. బస్సు నడుస్తూనే ఉంది. అయినా కండక్టరు వాళ్లిద్దరి వైపు చూసి, 'పోనీయ్' అన్నట్టు రెండు బెల్లులు కొట్టాడు.