చప్పట్లు లేని మంగళవారం

కరోనా తగ్గి ఆస్పత్రిలో ఓపీ మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్ మొదటి వారంలో నాకు డిప్యుటేషన్ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను వరంగల్‌లో ఒక ప్రభుత్వ ఆస్పత్రి మానసిక విభాగంలో హెడ్ నర్సుని. స్టాఫ్ నర్సులకు డ్యూటీలు వేయడం, వార్డు మందులు చూసుకోవడం, డాక్టరు రౌండుకు వచ్చేసరికి ప్రతి రోగి పరిస్థితీ చెప్పగలిగేలా ఉండడం నా పని. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోటే, పని కొత్త చోట. ఆ కొత్త చోటు మడికొండ అవతల ఒక ఆరోగ్య ఉపకేంద్రం. మందులతో పాటు మాటసాయం కూడా కావలసిన ఆడవాళ్ల కోసం అక్కడ ఒక బృందం నడపాలి.

ఉత్తర్వు చదివి గంతేసినంత పని చేశాను. ఎందుకంటే, మానసిక వైద్యంలో మాత్రలు సగమే. వారం వారం మనిషితో కూర్చుని మాట్లాడే సైకోథెరపీ మిగతా సగం. అది హనుమకొండలో ప్రైవేటుగా దొరుకుతుంది కానీ ఆ ఫీజు కూలికి పోయే మనిషి భరించేది కాదు. ఆటో ఛార్జీ, పోయిన కూలి దానికి అదనం. మా విభాగంలో ఉచితమే, అయితే ఉన్నది ఒక్క సైకాలజిస్టు, వరండా నిండా జనం. మాత్రలు పట్టుకుని, చెప్పాల్సిన మాట నోట్లోనే పెట్టుకుని తిరిగి వెళ్లిపోయేవాళ్లని ఏళ్ల తరబడి చూశాను. ఇప్పుడు ఆ మాట చెప్పుకునే చోటు ఊళ్లోనే పెడతామంటున్నారు! ప్రభువు నా ప్రార్థనకు ఆఫీసు కాగితం మీద జవాబు పంపాడనుకున్నాను.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. శిక్షణ పొందిన స్థానిక మహిళ ఒకరు, చుట్టూ చాపల మీద కొద్దిమంది ఆడవాళ్లు, ప్రతి మంగళవారం మధ్యాహ్నం. ఒక్కొక్కరు తమ వారం ఎలా గడిచిందో చెబుతారు. మిగతావాళ్లు వింటారు. సలహా ఇవ్వకూడదు, తప్పు పట్టకూడదు, అక్కడి మాట బయటికి మోయకూడదు. చివర్లో ఎవరికి వారు వచ్చే వారానికి ఒక చిన్న పని ఎంచుకుంటారు. తలస్నానం చేయడం, పక్కింటి దాకా వెళ్లి రావడం, అంతే. దిగులు పట్టిన మనిషి మనసు బాగయ్యాక లేద్దామని చూస్తుంది. మేం ముందు మనిషిని కదిలిస్తాం, మనసు వెనకే వస్తుంది. ప్రాణం మీద విరక్తి మాట ఎవరి నోట వచ్చినా అదే రోజు నాకు, నా ద్వారా డాక్టరుకు తెలియాలి. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

బృందం నడపడానికి శిక్షణ ఇచ్చింది ఎస్తేరుకు. ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త, మా చర్చి సంఘంలో స్త్రీల ఉపవాస కూడికను నడిపించే మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఇది ప్రభుత్వ కార్యక్రమం, అన్ని మతాలవాళ్లూ వస్తారు, ప్రార్థన, వాక్యం ఇక్కడ వద్దన్నాను. "ప్రార్థన ఇంట్ల చేస్కొనే వస్త అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. అన్న మాట తప్పలేదు.

బృందంలో నేను ఎక్కువగా కనిపెట్టి చూసింది కొమురమ్మని. వరినాట్లకు పోయే కూలీల గుంపులో పాట ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితే తోడికోడలు అందుకునేది, మిగతావాళ్లు ఆ ఇద్దరి వెనక. తోడికోడలు కామెర్లతో చనిపోయింది. ఆనాటి నుంచి కొమురమ్మకు పాట లేదు, పొలం లేదు, సరిగ్గా తిండీ లేదు. భర్త కొన్నాళ్లు కూలి మానుకుని వైద్యానికి హనుమకొండకు తిప్పి, ఇక నా వల్ల కాదన్నాడు. మా చాపల మీద కూడా ఆమెకు ఊరట దొరకకపోతే ఆ ప్రాణం ఏమవుతుందోనన్న భయం నాకుండేది.

మొదటి వారాలు ఎంత బాగా నడిచాయో! మూలన మూటలా కూర్చున్న ఆడవాళ్లు నోరు విప్పారు. మాట చివర "ఇప్పుడు జర నయం" అనగానే ఎస్తేరు చప్పట్లు మొదలుపెట్టేది, అందరూ కలిసేవాళ్లు. ఒక మంగళవారం కొమురమ్మ కూడా "మంచిగైంది, అందరికి దండం" అంది. ఉపకేంద్రం రేకులు అదిరేలా చప్పట్లు!

దండం పెట్టిన ఆమె చేతుల వైపు చూశాను. గాజులు మణికట్టు దగ్గర నిలవకుండా మోచేతి దాకా జారిపోయాయి. కోలుకుంటున్న మనిషి చేతులు అలా ఉండవు.

అందరూ వెళ్లాక ఆమెను ఆపి పక్కన కూర్చున్నాను. మంచిగైందని ఎందుకు చెప్పావని అడిగాను.

"అందరు చప్పట్లు కొట్టేటందుకు చేతులు పట్టుకోని చూస్తాండ్రాయె. నేనొక్కదాన్నే ఏడ్పు మొఖమేస్కోని కూసుంటే ఏం బాగుంటది సిస్టరమ్మా? ఆఖరుకు మేలు చెప్పాలెనట గదా."

మేలు! అప్పుడు నాకు అర్థమైంది. మా కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి లేచిన సహోదరి కష్టంతో మొదలుపెట్టి, దేవుడు చేసిన మేలుతో ముగిస్తుంది. అప్పుడే అందరం స్తోత్రం అంటాం. ఎస్తేరు ప్రార్థనను ఇంట్లోనే వదిలి వచ్చింది, సాక్ష్యం ముగించే పద్ధతి మాత్రం తెలియకుండానే ఆమె వెంట వచ్చేసింది.

చచ్చిపోవాలనిపిస్తోందా అని కొమురమ్మను సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. ఇది మా వృత్తిలో మొదట నేర్చుకునే పాఠం. ఆమె తలూపింది. ఆ సాయంత్రమే మెడికల్ ఆఫీసర్ చూశారు, మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న పురుగుమందు మరో ఇంటికి మార్పించాం. ఆమెను ఒంటరిగా వదలవద్దని భర్తకు చెప్పాం.

మర్నాడు ఎస్తేరుతో ఈ మేలు సంగతి మాట్లాడితే ఆమెకు కోపం వచ్చింది. "మేలు లేకుంటే దాన్ని సాక్ష్యమంటరా అక్కా? ఇనేటోళ్లు గూడ కుంగిపోరా?" అని నిలదీసింది. లేఖనాల్లో స్తుతులే కాదు మొరలు కూడా ఉన్నాయనీ, జవాబు రాకముందే ముగిసిపోయిన మొరలను కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడనీ చెప్పాను. "అట్లనైతే చప్పట్లు బంద్" అని ఆమె లేచింది.

తర్వాతి మంగళవారం ఆ సంగతి ప్రకటించగానే బృందంలో పెద్దావిడ "గట్లైతే ఈ ఈగలనెవలు కొట్టాలె?" అంది. నవ్వులు సద్దుమణిగాక కొమురమ్మ వంతు వచ్చింది.

"మంచిగ లేను. నిన్న గూడ పొద్దంత గోడ దిక్కు మల్లి పండుకున్న. మా యారాలు యాదికొస్తాంది." తోడికోడలిని ఇక్కడ యారాలంటారు.

ఎస్తేరు చేతులు అలవాటుగా పైకి లేచాయి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అలాగే కూర్చుని అంది: "నేను గూడ మంచిగ లేనే కొమురక్కా. మా అమ్మ పోయినంక కూడికల పాటలైతే పాడతాన, లోపల మాత్రం ఏం లేదు."

ఆ తర్వాత ఒక్కొక్కరే! పోయిన వారం నయమైందన్నవాళ్లే ఇప్పుడు కాలేదన్నారు. బయటి మనిషి చూస్తే బృందం పాడైందనుకునేది. నేను మాత్రం లోపల హల్లెలూయా పాడుతున్నాను. మా పని ఆ రోజే మొదలైంది.

వచ్చే వారానికి ఏం పని ఎంచుకుంటావని అడిగితే "నాట్ల కాడికి పోత. నాటెయ్య, గట్టు మీద కూసుంట" అంది కొమురమ్మ. భర్త తోడు వెళ్లాడు. కొన్ని వారాలు గట్టు మీదే కూర్చుంది. మాత్రలు తమ పని మొదలుపెట్టాయి, తిండి పెరిగింది. నాట్లు ముగింపుకు వచ్చిన రోజుల్లో ఒక మంగళవారం కొంచెం చిరాగ్గా చెప్పింది: "పాట ఖరాబు చేస్తాండ్రు సిస్టరమ్మా. ఎత్తేటోళ్లున్నరు గని అందుకునేటోళ్లు లేరు. ఇగ నేనే మడిల దిగి అందుకున్న. మా యారాలు పాడేటిది పాడిన."

అందరూ నిశ్శబ్దంగా విన్నారు, నియమం ప్రకారం. కొమురమ్మ చుట్టూ చూసింది.

"ఏందే ఎస్తేరూ, గట్ల చూస్తవు? గిప్పుడు కొట్టుండ్రి చప్పట్లు!"

కొమురమ్మ మాత్రలు ఆ తర్వాత కూడా చాలా నెలలు సాగాయి. చెడ్డ వారాలూ వచ్చాయి, వచ్చినప్పుడు వచ్చాయని చెప్పింది. నేను రిటైరయ్యాక కూడా కొత్త బృందాలకు శిక్షణ ఇమ్మని పిలుస్తున్నారు. ఖర్చు లేకుండా మనసుకు సాయం చేయాలంటే చాపలు, ఓపిక, అవసరానికి అందే డాక్టరు ఉంటే చాలా వరకు సాగుతుంది. అయితే ఆ చాప మీద కూర్చుని "మంచిగ లేను" అన్న మనిషికీ, "నయమైంది" అన్న మనిషికీ ఒకే మర్యాద దక్కాలి. అందుకే మొదటి పూట చప్పట్ల సంగతే చెబుతాను: తన వారం సంగతి చెప్పుకున్నామే ఎప్పుడు కొట్టాలో నిర్ణయిస్తుంది.