ఐసు షర్బతుకు బేరం

అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. ఏ సరుకు చూసినా ముందు వంక పెట్టడం నాకు చిన్నప్పుడే అబ్బింది.

రంగూన్‌లో కుర్రాళ్ల హాకీ పోటీల చివరి రోజున, మైదానం పక్కన ఒక బర్మా ఆవిడ ఐసు వేసిన షర్బతు పోస్తూ కనిపించింది. గ్లాసు అందుకుని, వచ్చీరాని హిందుస్తానీలో ఐసు తక్కువన్నాను. కంగారుగా ఇంకో ముక్క వేసింది. తీపి చాలదన్నాను. తాటిబెల్లం పాకం పోసింది. నా తెలివికి నేనే మురిసిపోతూ, అర్ధణా తీసి చూపించి, ఇంతకే రెండు గ్లాసులిమ్మన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

నన్ను ఆటకు తీసుకొచ్చిన అప్పన్న, రంగూన్‌లోనే పజుండౌంగ్ పేటలో ఉండే రేవు మేస్త్రీ, నా చెయ్యి పట్టి కిందికి దించాడు.

"ఏటి బాబూ ఇది? ఆయమ్మ అమ్మట్లేదు. కొడుకు ఆడతన్నాడని పున్నేనికి అందరికీ పోత్తంది."

"మరి నేను వంకలు పెడుతుంటే చెప్పదేం?"

"దానంలో లోపముంటే కొడుక్కి కలిసిరాదని బయపడిపోనాది. బాగుందని ఒక్క మాట సెప్పు."

బాగుందన్నాను. నిజంగానే చాలా బాగుంది. కానీ అంతసేపు వంకలు పెట్టిన నోరు కదా, ఆవిడ నమ్మలేదు.

ఇంతలో మైదానమంతా ఒక్కసారి అరిచింది. ఆవిడ కొడుకే గోలు కొట్టాడన్నాడు అప్పన్న. ఆవిడ మాత్రం అటు తిరగలేదు. నేను చివరి గుక్క మింగేదాకా నా మొహమే చూస్తూ నిలబడింది.