మా చెల్లెలు తపస్సు మాను ఎక్కిన రోజు

నాకు బస్సు ప్రయాణమంటే భయం, లిఫ్టంటే భయం, మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడాలన్నా భయం. మా చెల్లెలు భారతికి ఇవేవీ లేవు. ఇంట్లో అందరికీ రావలసిన భయమంతా ముందు పుట్టిన నేనే పట్టుకొచ్చేశానని, దానికి కాస్తయినా మిగల్చలేదని మా అమ్మ అంటుంటుంది. అలాంటి నేను ఒక శనివారం ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో ఒంటరిగా కడప బస్సెక్కి కూర్చున్నానంటే దానికి కారణం భారతి చేసిన ఫోనే.

భారతి నాటకాలాడుతుంది. మాటలుండే నాటకాలు కావు. ఫిజికల్ థియేటర్ అంటారట. నోరు మెదపకుండా ఒంటితోనే కథంతా చెప్పాలి. రాజంపేట దగ్గర ఒక పల్లెలో మూడు రోజుల ఫ్రింజ్ ఫెస్టివల్ జరుగుతోందని, రెండో రోజు సాయంత్రం తన ప్రదర్శన ఉందని చెప్పింది. ఫ్రింజ్ అంటే ఏమిటని అడిగాను. "పెద్ద హాళ్ళలో మాకు చోటియ్యరు గదక్కా. అట్లాంటోళ్ళమంతా కల్లాల్లో, గోడౌన్లలో ఆడుకునే పండగ" అంది. అంతవరకు బాగానే ఉంది. "ఈ తూరి తపస్సు మాను ఎక్కుతాండా" అనేసరికి ఆ ముక్క మళ్ళీ చెప్పమన్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ వైపు పల్లెల్లో ఎండాకాలం భారతం చెప్పిస్తారు. అర్జునుడి తపస్సు రోజున నున్నగా చెక్కిన తాటిమానును నిలబెట్టి, మెట్లుగా కట్టెలు దిగ్గొడతారు. అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ చివరిదాకా ఎక్కుతాడు. మూడంతస్తుల మేడంత ఎత్తుంటుంది. మా చెల్లెలు పద్యాలు లేకుండా ఎక్కుతుందట. పైన చెక్క మీద కాసేపు నిలబడి, తలకిందులుగా దిగుతుందట. నడుముకు తాడైనా కట్టుకోమన్నాను. "తాడు కట్టుకుంటే ఇంక తపస్సేముండాదక్కా? కింద పరుపులేస్తాంలే" అని ఫోను పెట్టేసింది.

నేను కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పోయిన ఏడాది సాధన చేస్తూ పడి భారతి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు ఫిల్ము తీసింది నేనే. ఆ విరుపు, తర్వాత లోపల వేసిన ప్లేటు, దాని మరలు, అన్నీ నాకు కళ్ళు మూసుకున్నా కనబడతాయి. ఆ చేత్తో మానును పట్టుకుని వేలాడుతుందని తెలిశాక ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. పిల్లలిద్దర్నీ మా ఆయనకు అప్పగించి, అమ్మకు మాత్రం "కుర్చీలో కూర్చొని ఆడే నాటకమేలే" అని అబద్ధం చెప్పి బయల్దేరాను.

పొద్దున బస్సుకు వెళ్ళేవాళ్ళు కుడివైపు సీటు పట్టుకోండి. ఎండ ఎడమవైపు కొడుతుంది. నేను కంగారులో ఎడమవైపే కూర్చొని నంద్యాల దాకా మాడిపోయాను. ఓర్వకల్లు దగ్గర రాళ్ళ గుట్టలు వచ్చినప్పుడు ముందు సీట్లలో పిల్లలు ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ బండల్ని చూస్తే నాకు పై బండ ఎప్పుడు జారుతుందో అన్న ఆలోచన తప్ప ఇంకేమీ రాలేదు. నా పక్కన కూర్చున్నాయన విత్తనాల వ్యాపారి. నేను ముందు సీటు కమ్మీని రెండు చేతులా బిగించి పట్టుకోవడం చూసి, "ఏమమ్మా, బస్సును నువ్వే తోలుతాండేటట్లుండావే" అన్నాడు. నవ్వాను గానీ చేతులు తీయలేదు.

నంద్యాలలో బస్సు కాసేపు ఆగింది. బస్టాండు బయట బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. మామూలుగా అయితే రెండు ప్లేట్లు తినేదాన్ని. ఆ రోజు నాలుగు ముద్దలు కూడా దిగలేదు. పన్నెండు కావస్తుండగా కడప చేరాను. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో మజ్జిగన్నం తిని, రాజంపేట బస్సెక్కాను. ఆ బస్సు ఎక్కకపోతే బాగుండేదని తర్వాత అనుకున్నాను, ఎందుకంటే నా భయం అక్కడే రెట్టింపైంది.

నా పక్కన ఒక పెద్దామె, ఆమె కూతురు కూర్చున్నారు. పెద్దామె పేరు ఓబులమ్మ. కూతురు లక్ష్మికి ముప్పై ఏళ్ళుంటాయేమో, తల వంచుకుని కిటికీ వైపు తిరిగి ఉంది.

"యాడికి పోతాండావు మా?" అని ఓబులమ్మే పలకరించింది. ఊరి పేరు చెప్పాను.

"మేమూ ఆడికే. ఈ ఏడు తపస్సు ముందుగానే వచ్చిందంట. ఆడబిడ్డ ఎక్కుతాదంట గదా! మా పాపకు పెండ్లయి శానా ఏండ్లాయ. మాను మీదనుంచి నిమ్మకాయ ఏస్తే, అది కొంగులో పడితే సాలు, కడుపు పండుతాది."

ఎక్కేది మా చెల్లెలేనని, అది తపస్సు కాదని, వట్టి నాటకమని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మాను ఎక్కినాక నాటకమేంది మా?" అంది. ఊరికి ఇద్దరు ముగ్గురు చొప్పున చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు చాలామంది వస్తున్నారని కూడా చెప్పింది. వాళ్ళంతా మాను కిందికి చేరితే, ఇక పరుపులు ఎక్కడ వేస్తారు? లక్ష్మి అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగి, "ఆ పాప సెయ్యి మంచిదేనా అక్కా?" అని మెల్లగా అడిగింది. ఆ చేతి ఎక్స్‌రే నా కళ్ళ ముందు కదిలింది. మంచిదేనని చెప్పాను.

రాజంపేట బస్టాండు దగ్గర లాడ్జిలో గది ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. పండగ రోజుల్లో దొరకవు. సంచి అక్కడ పడేసి, షేరు ఆటోలో ఊరికి చేరేసరికి మూడైంది. మామిడితోటలు దాటాక మూతపడిన నూనె మిల్లు, దాని వెనక ఎర్రమట్టి బయలు, ఆ బయలు నడుమ మాను. తల ఎత్తి చూశాను. చివర దాకా చూడలేక మధ్యలోనే దించేశాను.

నిర్వాహకుడు సురేంద్ర గడ్డం పెంచుకున్న కుర్రాడు. ఆడవాళ్ళ గుంపు వస్తోందని, వాళ్ళు నిమ్మకాయల కోసం వస్తున్నారని చెప్పాను. నా గోడు వాడికి ఎక్కలేదు. "అంతమంది వస్తాండారా మేడం? పోయిన ఏడు కుర్చీలకంటే మనుషులు తక్కువొచ్చినారు" అని మురిసిపోయాడు.

మిల్లు గోడౌన్లో అప్పుడు ఒక అనంతపురం నటుడి ప్రదర్శన నడుస్తోంది. బోరు వేయించుకున్న రైతు కథ. గిరగిర తిరిగే యంత్రమూ అతడే, పక్కన చేతులు కట్టుకుని నిలబడే రైతూ అతడే, చివరికి దుమ్ము కక్కే గుంతా అతడే. మొదట నవ్విన జనం కాసేపటికి నవ్వడం మానేశారు. నా పక్కన కూర్చున్న రైతు తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. మాటలు లేకుండా ఇంత చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఒళ్ళు హూనం చేసుకుంటే తప్ప చెప్పలేరనీ తెలిసింది.

భారతి మిల్లు అరుగు మీద కూర్చుని అరచేతులకు నూలు పట్టీలు చుట్టుకుంటోంది. చెమటకు మాను మీద చెయ్యి జారకుండా అవే పట్టు ఇస్తాయట. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వస్తావని తెలుసు" అంది. ఆడవాళ్ళు నిమ్మకాయల కోసం వస్తున్నారని చెప్పి, నాలుగైనా నడుముకు కట్టుకొని ఎక్కమని బతిమాలాను.

"నా అర్జునుడి దగ్గర ఇచ్చేదానికి ఏమీ ఉండదక్కా. నాటకమే అది" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. నేను పైనున్నప్పుడు పేరు పెట్టి పిలవొద్దు. ఉలిక్కిపడితే కాలు తప్పుతాది" అంది. నా నోటికి తాళం వేసి, అది లేచి వెళ్ళింది.

ఎండ తగ్గాక మొదలైంది. మాను మొదలు చుట్టూ నీలం రంగు పరుపులు పరిచారు. భారతి ఆగి ఆగి ఎక్కుతోంది. ఒక్కో మెట్టు మీద ఒళ్ళంతా బిగబట్టి, ఆకలితో ఎండిపోయినవాడిలా పొట్ట లోపలికి లాక్కుని, మళ్ళీ పాకుతోంది. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అది సగం దాటిందో లేదో, ఆడవాళ్ళు కదిలారు. చెప్పులు వదిలి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నేరుగా వచ్చి ఆ పరుపుల మీద కూర్చున్నారు. "ఈ తూరి పరుపులేసి మర్యాద చేసినారే" అంటోంది ఒకామె.

సురేంద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడూ, వాడి స్నేహితులూ పరుగెత్తి దండాలు పెట్టారు, లేవమని గుసగుసగా బతిమాలారు. ఒక్కరూ లేవలేదు. ముట్టుకుని లేపే ధైర్యం ఎవరికీ లేదు. ఇంకా ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. పరుపు అంచు కూడా కనబడడం లేదు. చూస్తుండగానే భారతి పైకి చేరింది. పీటంత చెక్క మీద నిలబడి, తలకిందులుగా తిరగడానికి వంగి, కిందికి చూసింది.

చూసి ఆగిపోయింది.

గాలికి మాను కొద్దికొద్దిగా ఊగుతోంది. భారతి జారితే పడేది పరుపుల మీద కాదు, మనుషుల మీద. పేరు పెట్టి పిలవకూడదు. పిలవకపోతే ఏం చేయాలో తెలియదు. కింద కొంగులు చాచిన ఆడవాళ్ళు "ఎయ్ తల్లీ, ఎయ్ సామీ" అని అరుస్తున్నారు. ఓబులమ్మ లక్ష్మిని ముందుకు తోసింది. లక్ష్మి ఏడుస్తోంది. నేను గుంపును తోసుకుంటూ ఎటు పోతున్నానో తెలియకుండా ముందుకు నడిచాను. పడిపోతుంది, నా చెల్లెలు పడిపోతుంది అన్న మాట తప్ప నా బుర్రలో ఇంకేదీ లేదు.

అప్పుడు భారతి కుడి మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని పట్టీ కొసను పళ్ళతో లాగింది. చుట్లు విప్పింది. పళ్ళతోనే చింపి, ఒక ముక్క వదిలింది. నూలుముక్క గాలిలో తేలుతూ వచ్చి ఒకామె కొంగులో పడింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, లేచి, పక్కకు వెళ్ళిపోయింది. ఇంకో ముక్క. ఇంకో ఆమె లేచింది. కుడిచేతి పట్టీ అయిపోయింది. భారతి ఆగకుండా ఎడమచేతిది విప్పడం మొదలుపెట్టింది. వద్దే, ఆ చెయ్యి వద్దు అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ముక్క పడిన ప్రతి ఆడదీ మారు మాట్లాడకుండా పరుపు ఖాళీ చేసింది. చివరి ముక్క లక్ష్మికి పడింది.

ఇక దిగాలి. రెండు చేతులూ వట్టివి. భారతి తలకిందులుగా తిరగలేదు. మానును కావలించుకుని, మామూలు మనిషిలా మెట్టు మెట్టుకూ కాలుతో తడుముకుంటూ దిగింది. సగంలో ఎడమచెయ్యి జారింది. ఒక్క చేత్తో వేలాడుతూ పక్కకు తిరిగిపోయింది. నాకు ఆ ప్లేటు, ఆ మరలు కనబడ్డాయి. మానుకు రాసుకుంటూ మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంది. చివరికి దాని పాదం పరుపుకు తగిలింది. దిగగానే ఆడవాళ్ళు కాళ్ళకు దండం పెట్టారు. దాని అరచేతుల్లో చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. సురేంద్ర దగ్గరికి వచ్చి, "తలకిందులుగా దిగేదానికంటే ఇదే బాగుండాది భారతీ, ఇట్లనే ఉంచేద్దాం" అన్నాడు. వాణ్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మరుసటి రోజు పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. రెండు చేతులకూ కట్లున్నాయి కాబట్టి కడపలో కారం దోశ నేనే తుంచి నోట్లో పెట్టాను. కర్నూలు చేరగానే ఎక్స్‌రే తీయాలి. ఇలాంటి పండగకు వెళ్ళమంటావా అని ఎవరైనా అడిగితే వెళ్ళమనే చెబుతాను. గోడౌన్లో కింద కూర్చోవాలి, మంచినీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. అక్కడ చూసేది మాత్రం ఇంటికొచ్చాక కూడా ఒంట్లోంచి పోదు. అయితే ఆడేవాళ్ళలో మీవాళ్ళెవరూ లేకుండా చూసుకోండి.

మైదుకూరు దాటాక భారతి అడిగింది. "అక్కా, అందరూ బిడ్డల కోసం కొంగు పట్టినారు. నీకు ఇద్దరుండారు గదా, నువ్వెందుకు పట్టినావు?"

నేను పట్టలేదన్నాను.

"పట్టినావు. నేను పైనుంచి చూస్తాండా. నీ పసుపు చీర కొంగు రెండు చేతులా చాపి, సరిగ్గా మాను మొదట్లో నిలబడినావు. అందరూ లేచిపోయినా నువ్వు పోలేదు."

నాకు జ్ఞాపకం రాలేదు. కానీ అది చెబుతుంటే నా భుజాలు ఇంకా నొప్పి పుడుతున్నాయని తెలిసింది. అంత ఎత్తునుంచి పడే మనిషిని నూలు కొంగు ఆపదని రోజూ ఎముకలు చూసే నాకు తెలియదా? "నువ్వు పడితే పట్టుకుందామని" అన్నాను. అంటుంటే నాకే సిగ్గేసింది.

భారతి నవ్వలేదు. "చేతులు వట్టివైనా తలకిందులుగానే దిగుదామనుకున్నా అక్కా. తిరగబోతే నువ్వు కనపడినావు. జారితే నీ మీదనే పడతా గదా" అంది. "అందుకే మామూలుగా దిగినా."