ఖాళీ కేజు

పుష్పావతి చేసే పనేమిటో రాబర్ట్‌సన్‌పేటలో చాలామందికి తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. కంప్యూటర్లు రిపేరు చేస్తుందని కొందరు, ఆఫీసుల్లో వైర్లు లాగుతుందని కొందరు వాళ్లకు వాళ్లే తేల్చేశారు. దిద్దే ఓపిక ఆమెకూ లేదు. ఒక పెద్ద సంస్థ నడవాలంటే దాని వివరాలన్నీ భద్రంగా దాచి, అడిగిన క్షణంలో తీసిచ్చే యంత్రం లోపలెక్కడో ఒకటి ఉండాలి. దాన్ని డేటాబేస్ సర్వర్ అంటారు. దాన్ని నిలబెట్టడమే పుష్పావతి పని. కోలారు టమోటా మార్కెట్లో ఒక మండీకి పెట్టింది, బేతమంగళలో ఒక పాల డైరీకి పెట్టింది. అది సరిగ్గా పనిచేసినన్నాళ్లూ ఎవరూ దాని ఊసెత్తరు. ఎత్తారంటే కొంప మునిగిందనే అర్థం.

కనపడని పని ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. ఆమె తండ్రి ఆవులప్ప కోలారు బంగారు గనుల్లో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. షాఫ్టు అంటే నేలలోకి నిట్టనిలువుగా, మైలుకు పైగా దిగిపోయే బావి. అందులోకి మనుషుల్ని దించే ఇనుప గదిని కేజు అనేవాళ్లు. దాన్ని మోసే తాడు ఆవులప్ప ఇంజను మీద చుట్టుకుని ఉండేది. ఇంజను గదిలోంచి షాఫ్టు మూతి కనపడదు, ఎక్కే మనుషులూ కనపడరు. ఎదురుగా ముల్లు తిరిగే ఒక పలక, పక్కన ఒక గంట, అంతే. గంట మూడుసార్లు మోగిందంటే మనుషులు ఎక్కారని. ఆవులప్ప తిరిగి మూడు కొట్టి, అప్పుడు లీవరు మీద చెయ్యి వేసేవాడు. సర్వీసంతా అలాగే గడిచింది. ఎందరి ప్రాణాలో ఆ చేతిలో ఊగాయి, ఒక్క ముఖమూ చూడలేదు.

చిన్నప్పుడు గని కార్మికుల లైన్లలోని ఇంట్లో రాగిముద్ద తింటూ ఈ మాటలు వింటుంటే పుష్పావతికి ఒళ్లు గగుర్పొడిచేది. అన్నిటికన్నా ఆమెకు వింతగా తోచింది వేరే ఉంది. పొద్దున్నే మొదటి షిఫ్టు దిగే ముందు ఖాళీ కేజును అడుగుదాకా దించి, మళ్లీ పైకి లాగేవాళ్లు. అది క్షేమంగా వచ్చాకే మనిషి కాలు పెట్టాలి. నిన్నటి తాడే, నిన్నటి ఇంజనే కదా, మళ్లీ ఎందుకని ఒకరోజు అడిగేసింది.

ఆవులప్ప ముద్ద మింగి, నింపాదిగా చెప్పాడు. "నిన్న నుంచి దానికి ఏమైనాదో నీకు తెలుసునా? నాకూ తెలీదు. తెలీదని ఒప్పుకొనేదానికే ఖాళీ కేజు."

ఆమె హైస్కూల్లో ఉండగానే గనులు మూతబడ్డాయి. తరువాత అందరిలాగే చదువుకుంది, అందరిలాగే చీకటితో లేచి బెంగళూరు రైల్లో నిలబడి ఉద్యోగానికి పోయింది. అక్కడే ఒకరోజు పెద్ద ఇంజనీరు ఆమెకు ఒక తమాషా చూపించాడు. వేలకొద్దీ వివరాలు సర్వర్లోకి పోతూ ఉండగా ప్లగ్గు పీకేశాడు. మళ్లీ పెట్టాడు. యంత్రం లేచి, చేసిన ప్రతి పనినీ రాసుకునే తన చిట్టాను తానే చదువుకుని, సగంలో ఆగిన పనిని చెరిపేసి, భద్రపరిచానని మాటిచ్చినదాన్ని మాత్రం పొల్లుపోకుండా ముందు పెట్టింది. పుష్పావతి ప్లగ్గు వంక, తెర వంక మార్చి మార్చి చూసింది. మనుషుల్లోనే మాట మీద నిలబడేవాళ్లు అరుదు. కరెంటు పోయినా మాట తప్పని వస్తువొకటి లోకంలో ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ ఆశ్చర్యం ఇన్నేళ్లకూ తగ్గలేదు. తగ్గి ఉంటే ఈ పని వదిలి ఎప్పుడో బేకరీ పెట్టుకునేది.

పెళ్లయ్యాక రైలు మానేసి సొంతంగా పని మొదలుపెట్టింది. ఈ మధ్యనే ఊళ్లో ఒక ట్రస్టు ఆస్పత్రివాళ్లు పిలిచారు. పాత గని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. రాళ్లు పగలగొట్టిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే పోదు. ఈ ఏటి ఎక్స్‌రేను పోయిన ఏళ్లవాటి పక్కన పెడితేనే జబ్బు ఎంత పాకిందో డాక్టరుకు తెలుస్తుంది. ఆ పాతవన్నీ ఉన్న కంప్యూటరు గరగరమంటూ కొన ఊపిరితో ఉంది. సోమవారం ఆ ముసలివాళ్లందరికీ క్యాంపు. ఆవులప్ప స్నేహితుడు మునీంద్ర కూడా వస్తాడు. ఈ నెలలో ఆయనకు మెట్లెక్కితే ఆయాసం. పాత ఎక్స్‌రేలు చూడకుండా మందు మార్చనని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

ఆదివారం పొద్దున పుష్పావతి కొత్త యంత్రం ముందు కూర్చుంది. డేటాబేస్ ఎక్కించింది. ఎక్స్‌రేలకూ వివరాలకూ ఒక పెద్ద డిస్కు, చిట్టాకు ఇంకొకటి కేటాయించింది. మెమరీలో ఎంత వాడుకోవాలో హద్దు గీసింది, ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకెవరూ లోపలికి రాకుండా తలుపులు మూసింది. సాఫ్ట్‌వేర్ తెర మీద అన్నీ పచ్చ టిక్కులే.

ఆస్పత్రి మేనేజరు చెన్నరాయప్ప మంచివాడే, కానీ కుదురు తక్కువ. పచ్చ చూడగానే పాతవన్నీ ఎక్కించెయ్యమన్నాడు. ఆలస్యం అమృతం విషం అన్నాడు. నిదానమే ప్రధానం అని ఆమె అంది. సామెతలు సమ ఉజ్జీ అయ్యేసరికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె ఒక లేని మనిషిని రోగిగా చేర్చింది. పేరు 'ఖాళీ కేజు' అని కొట్టింది. బంధువు పేరు దగ్గర ఆవులప్ప అని రాసింది. ఆ లేని మనిషికి ఒక ఎక్స్‌రే తగిలించి, తటాలున ప్లగ్గు పీకేసింది. చెన్నరాయప్ప గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. యూపీఎస్ ఉంది కదమ్మా అన్నాడు. అది ఎప్పుడో ఒకరోజు ఉండదని చెప్పి, ఆమె మళ్లీ ప్లగ్గు పెట్టింది.

యంత్రం లేచింది. మళ్లీ అన్నీ పచ్చ టిక్కులే. ఖాళీ కేజు కోసం వెతికింది. లేదు. మొత్తం రోగులు సున్నా అని చూపించింది.

మాట తప్పదని తాను నమ్మిన వస్తువు మాట తప్పిందా? పుష్పావతి యంత్రం చిట్టాను ఒక్కో వాక్యమే చదివింది. అప్పుడు దొరికింది. తప్పు దానిది కాదు, తనది. కరెంటు రాగానే డేటాబేస్ ముందు లేచింది, పెద్ద డిస్కు తరువాత లేచింది. తన ఇల్లు కనపడక, డేటాబేస్ అదే పేరుతో ఇంకో ఖాళీ ఇల్లు కట్టుకుని హాయిగా కూర్చుంది. పైన పటారం, లోన లొటారం. రేపు క్యాంపు మధ్యలో కరెంటు పోయి వస్తే మునీంద్రకు గతమే లేదని డాక్టరుకు చెప్పి ఉండేది, అదీ పచ్చ టిక్కుతో.

డిస్కు లేచానని చెప్పేదాకా డేటాబేస్ కదలకూడదని ఆమె కట్టడి రాసింది. గంట మోగనిదే ఇంజను కదలకూడదని తండ్రి ఏనాడో చెప్పినది ఇదేనని తోచి నవ్వు వచ్చింది. మళ్లీ ప్లగ్గు పీకింది, పెట్టింది. వెతికింది. 'ఖాళీ కేజు' చక్కగా తెర మీదికి వచ్చింది, ఎక్స్‌రేతో సహా. ఇంటికి ఫోను చేసింది.

"ఖాళీది పైకొచ్చినాదా?" అన్నాడు ఆవులప్ప. ఆ రోజు ఏమి చేయబోతోందో ఆయనకు తెలుసు.

"రెండోసారికి వచ్చినాదప్పా."

"ఇంగేమి? మూడు కొట్టి దించు."

చెన్నరాయప్ప వింతగా చూస్తుండగా పుష్పావతి బల్ల మీద వేలితో మూడుసార్లు తట్టి, మీట నొక్కింది. పాత డిస్కులోంచి పేర్లు కదిలాయి. ఓబలప్ప, అంజినప్ప, పెద్దన్న, ఇంకా ఎందరో. ఒకప్పుడు తండ్రి దించిన మనుషులు, ముఖాలు లేకుండా, ఆమె చేతిలోంచి దిగుతున్నారు. అంతా ఎక్కాక కరెంటు తీసి, పెట్టి, మళ్లీ చూసింది. అందరూ ఉన్నారు.

సోమవారం ఆమెకు ఆస్పత్రిలో పని లేదు. అయినా వెళ్లింది. మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయింది, వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్ల ముఖాలను ఆమె ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. తండ్రి చూడలేకపోయిన ముఖాలు ఇవేనా అనుకుంది.

మునీంద్ర డాక్టరు గదిలోంచి కొత్త మందుల చీటీతో బయటికి వచ్చాడు. తన పాత ఎక్స్‌రేలన్నీ డాక్టరు వరుసగా చూపించాడని చెప్పాడు. పక్కన కూర్చుని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"మీ నాయన మొగం పనిలో నేను ఒక దినమూ చూడలేదు పాపా. చూడకనే తెలిసేది. అడుగుకి పోయినప్పుడు కేజు దడాలుమనకుండా మెత్తగా నిలిస్తే, ఈ పొద్దు ఇంజను కాడ ఆవులప్ప ఉండాడు అనుకొంటా ఉంటిమి." ఒక దగ్గు ఆపుకుని మళ్లీ అన్నాడు. "ఇందాక కరెంటు పొయ్యింది కదా. నా పటాలు చూస్తా ఉన్నప్పుడే పొయ్యింది. మళ్లా వచ్చినాక యాడ వదిలినారో ఆడనే ఉండాయి. మెత్తగా నిలిచినాది."