మొదటి ముద్ద నాది

మా ఆయనకు ఒక పిచ్చి ఉంది. బోర్డు లేని హోటలే అసలు హోటలని ఆయన నమ్మకం. నల్లగొండ నుంచి కల్వకుర్తి దాకా ఏ మలుపులో రేకుల కింద జొన్నరొట్టెలు కాలుస్తారో, ఏ పెట్రోలు బంకు వెనక తలకాయ కూర దొరుకుతుందో ఆయనకు కంఠతా వచ్చు. పెళ్లయిన కొత్తల్లో ఆ పిచ్చి నాకూ బాగానే అంటింది. కట్టంగూర్ దాటాక రోడ్డు పక్కన బండి ఆపి, ఊగే బెంచీ మీద కూర్చుని బోటి కూర తిన్న రోజులున్నాయి. అప్పుడు తిండంటే నాకు భయం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మొదలైంది భయం. బిడ్డకు అప్పటికి నాలుగేళ్లు. చౌటుప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తినిపిస్తూ, ఎప్పుడూ చప్పిడిదేనా అని కొంచెం చట్నీ అద్దాను. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి. మెడ నిండా దద్దుర్లు లేచాయి. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి సన్నగా ఈల వచ్చింది. పక్క సందులోనే దవాఖాన ఉండబట్టి బిడ్డ దక్కింది. ఇంజెక్షన్ ఇచ్చాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్లకు పల్లీలు పడవు, ఇంకోసారి తింటే దవాఖాన దాకా తెచ్చే టైం కూడా ఉండకపోవచ్చని చెప్పాడు. ఆ ఈల నా చెవుల్లోంచి ఈనాటికీ పోలేదు.

మా అత్తగారిది పాలమూరు. పల్లికాయ పండించే ఇంట్లో పుట్టిన పిల్లకు పల్లీలు పడకపోవడమేమిటని ఆమె చాలా రోజులు నమ్మలేదు. ఆమెను అని ఏం లాభం? చట్నీ అంటే ఇక్కడ పల్లీలే. పులుసు చిక్కబడాలన్నా, వంకాయ కూరకు రుచి రావాలన్నా పల్లీలే. తిని లేచాక పిల్లల చేతిలో ముద్దుగా పెట్టేది పల్లిపట్టి. ఉప్పేశామని ఎవరైనా ప్రత్యేకంగా చెప్తారా? పల్లీలదీ అంతే.

ఆ సంగతి నాకు ఒక భోజన హోటల్లో తెలిసొచ్చింది. పప్పు వడ్డించే మనిషిని అడిగాను, పల్లీలు గిట్ల వేస్తారా అని. "లేవమ్మా, అస్సల్ లేవు" అన్నాడు. పక్కనున్న సొరకాయ కూర ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో గుండె జారింది. పల్లీల కమ్మదనం నాలుక వెనకాల తగిలింది. నేను అరిచిన అరుపుకు హోటలంతా మా వైపే చూసింది. ఆ మనిషి నొచ్చుకున్నాడు.

"పల్లీలు ఏడున్నయమ్మా? చూడుండ్రి. పొడి ఏసినం, గంతే."

అతను అబద్ధమాడలేదు. అందుకే నాకు మరీ భయమేసింది. అబద్ధమాడేవాణ్ని మొహం చూసి పట్టుకోవచ్చు, నిజమనుకుని చెప్పేవాణ్ని ఎట్లా పట్టుకుంటాం?

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టడి. హోటల్లో మొదటి ముద్ద నాది. నేను వాసన చూసి, నమిలి, మింగి, కాసేపాగి "తిను" అనేదాకా బిడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహం వైపే చూస్తూ ఉండాలి. నా ముక్కు మంచిది. నాయిన నూలుకు రంగులద్దే ఇంట్లో పెరిగాను. ఏ గోలెంలో ఏ రంగుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్నని ఇప్పటికీ మా వాళ్లు నవ్వుతారు. మా ఆయన నాలుకకు బాగుంది, బాగాలేదు అనే రెండే తెలుసు కాబట్టి ఆ పని ఆయనకు అప్పజెప్పలేదు. దారిలో ఆయన హోటళ్లు వెతుకుతుంటే నేను దవాఖాన బోర్డులు చదివేదాన్ని. దగ్గర్లో దవాఖాన లేని హోటలైతే బండి దిగేదాన్ని కాదు. "నీతోని తినుడు పరీక్ష రాసినట్టుంటదే" అనేవాడు. పరీక్షే మరి!

ఆ తర్వాత కరోనా వచ్చింది. మా ఇంట్లో నాకే వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం రాలేదు. నోట్లో ఏది పెట్టుకున్నా తడిసిన అట్ట నమిలినట్టే ఉండేది. ఇంట్లో వంట నాదే, పల్లీలు గడప తొక్కవు, అందుకని ఫికర్ లేదనుకున్నాను. రేపో మాపో వస్తుందిలే అని ఎవరికీ చెప్పలేదు.

హోటళ్లు మళ్లీ తెరిచారు. బిడ్డ పుట్టినరోజొచ్చింది. ఏం కావాలె బిడ్డా అంటే, "బాపు చెప్పిన హోటల్ల జొన్నరొట్టె, నాటుకోడి" అంది. అంతకాలం ఇంట్లో మగ్గిన పిల్లను కాదనలేకపోయాను. కల్వకుర్తి దగ్గర, రోడ్డు మీద, దవాఖానకు కూతవేటు దూరంలో, నాలుగు బల్లలున్న హోటలది. నా ముక్కు ఇంకా తిరిగి రాలేదు. పెరుగూ ఉడకబెట్టిన గుడ్లూ చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి మా ఆయన నాటుకోడి చెప్పేశాడు, పల్లీలు లేవని వడ్డించే ఆయనతో అనిపించుకున్నాడు కూడా.

కూర వచ్చింది. ఎర్రగా, చిక్కగా ఉంది. ఆ చిక్కదనం దేనిదోనని గరిటెతో తిప్పి చూశాను. బిడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. ముద్ద పెట్టుకున్నాను. మెత్తగా, వేడిగా ఉందని తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. ముక్కు దగ్గరికి తెచ్చుకుని గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. ఎదురుగా మా ఆయన "ఎట్లుంది, ఆ?" అని ముక్క చీకుతూ మురిసిపోతున్నాడు. నిజంగానే పల్లీలు లేవేమో, వడ్డించే ఆయన లేవన్నాడు కదా, పుట్టినరోజు పూట పిల్లను ఏడిపించడమెందుకు అని నాలోపల ఎవరో గుసగుసలాడారు. ఆ గుసగుసకు నా ఒళ్లు జలదరించింది.

"నాకు తెలుస్తలేదు" అన్నాను. "కరోనా వచ్చినప్పటి సంది నాకు వాసన లేదు, రుచి లేదు."

మా ఆయన చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. నేను లేచి నేరుగా వంట దగ్గరికి పోయాను. మసాలాలో ఏమేం వేశావు, ఒక్కోటీ చెప్పమని వంటామెను అడిగాను.

"ధనియాలు, ఎండుకొబ్బరి, నువ్వులు, లవంగాలు, జరన్ని పల్లీలు..."

వెనకాలే వచ్చిన వడ్డించే ఆయన తెల్లబోయాడు. "గవి గూడ లెక్కనా అమ్మా? గుప్పెడే గదా!"

ఆ కూర గిన్నె తీయించాను. బల్ల తుడిపించాను, బిడ్డ ముట్టుకోకపోయినా చేతులు రెండుసార్లు కడిగించాను. పుట్టినరోజు పూట అది గుడ్డుతో రొట్టె తింది. ఇంటికి పోదామని బండి ఎక్కబోతూ మెల్లగా అంది.

"నాకు ముందే ఎరుకే అమ్మా. నీ చారుల ఉప్పుంటలేదు. నువ్వు చూడనప్పుడు నేనే ఏస్తున్న."

"ఎరుకైతే, నేను ముద్ద పెట్టుకున్నప్పుడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని."

"చెప్పకపోతే? తినుమంటే?"

"తింటుంటి" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "నువ్వు తినుమన్నంక నాకేమైతది?"

బండి పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లూ పల్లీలకు భయపడ్డాను కానీ, నా మాటకు భయపడాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

నా ముక్కు తర్వాత కొంత తిరిగొచ్చింది, మునుపటిలా కాదు. బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మేం ఇప్పటికీ కొత్త హోటళ్లకు పోతాం. వంట దగ్గరికి అదే పోతుంది. "పొడి గూడ లేదా? మసాలల గూడ లేదా? ఏ నూనె?" అని అదే అడుగుతుంది. అనుమానమొస్తే పెరుగన్నం చెప్పుకుంటుంది. తినేముందు నా మొహం వైపు చూడదు. చూడొద్దని నేర్పడానికే నాకు ఇంతకాలం పట్టింది.

నేను మాత్రం నా ముద్ద మరిచిపోయి, దాని గొంతు వైపే చూస్తూ కూర్చుంటాను.