పురుగుమందు డెక్

దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో రెబ్కా పదిహేడేళ్ళుగా నర్సు. కంట్లో దుమ్ము పడ్డవాళ్ళు, వేళ్ళు నలిగినవాళ్ళు, సెలవు చీటీ కోసం జ్వరం తెచ్చుకున్నవాళ్ళు, పొద్దున్నంతా వీళ్ళతోనే సరిపోతుంది. ఒంటిగంట నుంచి రెండింటిదాకా మాత్రం ఎవరూ రారు. కార్డుల ఆట ఆమెకు అలవాటైంది ఆ గంటలోనే.

నేర్పింది ల్యాబ్‌లో కెమిస్టు వేణుగోపాల్. చేతిమీద యాసిడ్ పడి, పదిరోజులు కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. పదోరోజున జేబులోంచి రంగుబొమ్మల కార్డులు తీశాడు.

"భయపడకండి సిస్టర్ గారూ, ఇది పేకాట కాదు. ఎవరి డెక్ వాళ్ళే కట్టుకుని తెచ్చుకునే ఆట."

డెక్ అంటే అరవై కార్డుల కట్ట. కొన్ని జంతువులు, కొందరు సిపాయిలు, కొన్ని మంత్రాలు. ఎదుటివాడి ఇరవై ప్రాణాలూ ముందు తీసినవాడు గెలిచినట్టు. వేణుగోపాల్ డెక్ నిండా పురుగులే. చీమలు, కందిరీగలు, మిడతలు. ఒక్కొక్కటీ ఎందుకూ కొరగాదు, గుంపుగా వచ్చి మీద పడ్డాయంటే ఐదు నిమిషాల్లో ఆట ఫైసల్. ఆరేళ్ళు రోజూ ఆడినా రెబ్కా అతని మీద గెలిచిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

రెండేళ్ళ కిందట అతనికి ఛత్తీస్‌గఢ్ ప్లాంటుకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ, తనకు పనికిరాని కార్డులన్నీ ఒక చెప్పుల డబ్బాలో పోసి ఇచ్చాడు.

"మళ్ళీ వచ్చేసరికి నన్ను ఓడించే డెక్ కట్టి ఉంచండి," అన్నాడు.

కట్టింది. రెబ్కా అన్నకు రెండెకరాల మిరప ఉంది. నల్ల తామర పురుగు పడ్డ ఏడాది ఆ కుటుంబం ఎంత ఏడ్చిందో ఆమెకు తెలుసు. అందుకే కాబోలు, డబ్బాలో ఎవరూ వాడని కార్డుల మీద ఆమె చెయ్యి పడింది. పొగమంచు, చేదువాన, బూడిదగాలి. బల్లమీది చిన్న ప్రాణులన్నిటినీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టేవి. అలాంటివి పన్నెండు కావాలి, డబ్బాలో ఏడే దొరికాయి. మిగతా ఐదూ పాత ఓపీ కార్డుల అట్ట కత్తిరించి స్కెచ్ పెన్నులతో తనే గీసుకుంది. మధ్యాహ్నాలు అతని పురుగుల పేర్లు చీటీల మీద రాసుకుని, రెండు వైపులా తనే ముక్కలు పంచుకుని, అతని చెయ్యీ తనే ఆడేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు పురుగులు చచ్చేవి. "చూశారా వేణు గారూ" అనడానికి ఎదుటి కుర్చీలో మాత్రం ఎవరూ ఉండేవారు కాదు.

మార్చిలో గుంటూరు బ్రాడీపేటలో పోటీ అని తెలిసింది. ఆ ఆదివారం ఆరాధనకు రాలేనని పాస్టరమ్మతో చెప్పి, పొద్దున్నే బస్సెక్కింది.

అది ఒక స్టేషనరీ షాపు మీద మేడగది. పందొమ్మిది మంది ఆటగాళ్ళు, రెబ్కా తప్ప అందరూ పాతికలోపు వాళ్ళే. షాపు యజమాని ఖలీల్ ఆమె డెక్ తిరగేసి, గీసిన కార్డుల దగ్గర ఆగాడు.

"ఇవి మీరే వేశారా అండీ?"

"ఒప్పుకోరా?"

"ఐదు దాకా ఒప్పుకుంటాం. బొమ్మలు బాగున్నాయి," అని నవ్వాడు.

మొదటి ఆట అలేఖ్య అనే ఇంజినీరింగ్ అమ్మాయితో. ఆ అమ్మాయి దించినవన్నీ కొండంత డ్రాగన్లు. రెబ్కా చేతిలో మూడు చేదువానలున్నాయి. వేసింది. డ్రాగన్లకు చీమ కుట్టినట్టయినా లేదు. రెండో ఆటలోనూ డ్రాగన్లే, మూడో ఆటలోనూ డ్రాగన్లే. ఇప్పుడందరూ ఇంటర్నెట్‌లో చూసి అదే డెక్ కడుతున్నారట. ఆ గదిలో పురుగులు ఆడేవాడే లేడు. ఏనుగుల మందమీద పురుగుమందు కొడుతున్నట్టుంది ఆమె పని.

నాలుగో ఆటకు ఖలీల్ ఆమె పేరు ఒక్కటే చదివాడు.

"మీకు బై అండీ. బేసి సంఖ్య కదా, జోడీ లేరు. గెలిచినట్టే రాస్తాం. మీరు వెళ్ళిపోవచ్చు."

"ఆడకుండానే గెలిచానా?"

"రూల్ అంతేనండీ."

నాలుగు ఆటలు ఆడదామని వచ్చింది. లేచి వెళ్ళబుద్ధి కాలేదు. ఖాళీ కుర్చీకి ఎదురుగా ఆ అరగంటా కూర్చుంది. చుట్టూ అరుపులు, నవ్వులు. తన ఆట తొందరగా ముగించుకున్న అలేఖ్య వచ్చి ఆ కుర్చీలో కూలబడింది.

"ఆంటీ, ఒకసారి మీ డెక్ చూడొచ్చా?"

అలేఖ్య కార్డులన్నీ బల్లమీద పరిచింది. చకచకా పన్నెండు ఏరి పక్కన పెట్టింది.

"మిగతాదంతా సూపర్ ఆంటీ. ఇవి తీసెయ్యండి. ఇవి పురుగుల డెక్ మీద తప్ప ఎక్కడా పనిచెయ్యవు. అసలెందుకు పెట్టారు ఇన్ని?"

రెబ్కా ఆ పన్నెండింటి మీదా చెయ్యి ఆనించింది. "ఒకాయన కోసం పెట్టానమ్మా."

"ఆయన రాలేదా ఇవాళ?"

"లేదు."

అలేఖ్య కార్డులన్నీ సర్ది ఆమె చేతికిచ్చింది. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ పోటీ ఉందని చెప్పి, తన నంబరు ఇచ్చి వెళ్ళింది.

తిరుగు బస్సు సత్తెనపల్లి దాటింది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి కొడుతోంది. రెబ్కా ఫోను తీసి వేణుగోపాల్‌కు మెసేజ్ పెట్టింది: "పోటీకెళ్ళాను. మీ పురుగులు ఎవరి దగ్గరా లేవు. ఓడిపోయాను."

జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో, ఇంకా ఆడుతున్నారా సిస్టర్ గారూ! నేను మానేసి ఏడాదిన్నర అయింది. కార్డులన్నీ ఇక్కడ ఎవరికో ఇచ్చేశాను. ఆరోగ్యం జాగ్రత్త."

రెండుసార్లు చదివింది. పక్కసీటు ఆవిడ, "కళ్ళు మండుతున్నాయా అమ్మా? కిటికీ వేసెయ్యి," అంది. వేసింది.

పిడుగురాళ్ళలో బస్సు పదినిమిషాలు ఆగింది. ఆ పన్నెండు కార్డులూ విడిగా తీసి, రబ్బరు బ్యాండు వేసి సంచి అడుగున పెట్టింది. ఇంకో మెసేజ్ రాసింది, ఈసారి అలేఖ్యకు: "తీసేశానమ్మా. వాటి బదులు ఏం పెట్టమంటావు?"

దాచేపల్లిలో దిగేదాకా జవాబు రాలేదు. సోమవారం మధ్యాహ్నం డిస్పెన్సరీలో ఒక డ్రైవర్ మోకాలికి కట్టు కడుతుంటే ఫోను మోగింది. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, వెనక గదిలోకి వెళ్ళి విన్నది. అలేఖ్య మాటల వెనకాల కాలేజీ క్యాంటీను గోల. అందులో సగం మాటలు వినపడనే లేదు. మొదటినుంచి మళ్ళీ పెట్టుకుంది.