ముగ్గు నడిమి చుక్క

ఉదయగిరిలో మా పెద్దమ్మ పోయిందని, పోయిన నెల బస్సులో వచ్చిన మనిషి ఆత్మకూరులో మా ఇంటికొచ్చి చెప్పాడు. ఏడుపు కంటే ముందు నేను అడిగింది ఒక్కటే: "కడదాకా చూపు ఉండిందా?" ఆయన వింతగా చూశాడు. చూస్తే చూశాడు. ఏళ్ల తరబడి మా ఇద్దరి భయమూ అదే.

అమ్మ లేని నన్ను పెంచింది ఆమె. ముగ్గు వేయడంలో మా వీధిలో ఎవరైనా ఆమె తర్వాతే. నా పెళ్లయిన కొత్తలో ఒక పొద్దున వెళ్లేసరికి, వాకిట్లో కూర్చుని ముగ్గు నడిమి చుక్క మీదే మళ్లీ మళ్లీ పిండి వదులుతోంది. అక్కడ చిన్న కుప్పే అయింది.

"పెడతానే ఉండా, చుక్క నిలవడంలా. గీతలు కూడా వంకర పోతా ఉండాయి," అంది. తలెత్తి నన్ను చూసి, "నీ చెవులు కనపడతా ఉండాయి అమ్మే, మొగం లేదు," అంది.

అందరూ పొర అన్నారు. నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టాం. సూదితో పొర దించుతానంటూ ఊళ్లు తిరిగే మనిషొకడు ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. సూది బయటికి తీయగానే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉండేదీ పోతే?"

ఆమెను లేపి లోపలికి తీసుకుపోయాను. ఊరంతా నన్నే తిట్టింది.

ఆత్మకూరుకు వచ్చే కంటి డాక్టరు లైటు వేసి చూశాడు. "పొర కాదమ్మా. కంటి వెనక తెర నడుమ వయసుతో చెడింది. మందు లేదు. అయితే పక్క చూపు పోదు, మొత్తం చీకటి కాదు," అన్నాడు.

పెద్దమ్మ నమ్మలేదు. కళ్లు మూసుకుని, గోడ తడుముతూ పొయ్యి దాకా నడవడం మొదలుపెట్టింది. "ఆ పొద్దు వస్తే అలవాటుండాల గదా," అనేది. నేను చూడలేకపోయేదాన్ని. అంత భయంలోనూ నేను వెళ్తే తనే వండి వడ్డించేది. నా మొహం చూడాలంటే నా భుజం మీదుగా గోడను చూసేది. తెలియనివాళ్లు పొగరనుకున్నారు.

చివరిసారి వెళ్లినప్పుడు దీపం పక్కన కూర్చుని, "చీకటి రాలేదే. డాక్టరు నిజమే చెప్పినాడు," అంది. నా భయం తీర్చడానికే ఆ మాట చెప్పిందనిపించింది.

పెద్దకర్మ అయ్యేదాకా ఉదయగిరిలో పెద్దమ్మ వాకిట్లో ముగ్గు లేదు. మర్నాడు నేనే వేశాను. నడిమి చుక్క పెట్టి, ఒక కన్ను మూసి చూశాను. తర్వాత అది తెరిచి రెండోది మూశాను. చుక్క ఉంది. అయినా దాని మీదే మళ్లీ పిండి వదిలాను.